చీటీ మీద రెండో తేదీ



1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో ఒక రైల్వే గుమాస్తా భార్యను చేర్చుకున్నారు. ఆమె పేరు ఆగస్టె డేటర్, వయసు 51. ఆ భర్త డాక్టర్లకు చెప్పుకున్న కష్టంలో మతిమరుపు ఒక భాగం మాత్రమే. తన మీద ఉన్నట్టుండి అనుమానం పెంచుకుందని, వస్తువులు ఎక్కడెక్కడో దాచేస్తోందని, కేకలు పెడుతోందని, ఇంట్లో ఉంచుకుని చూసుకోవడం ఇక తన వల్ల కావడం లేదని ఆయన మొర. ఆమెను పరీక్షించిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. 1906 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూసింది. అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన డాక్టర్ల సభలో అల్జీమర్ ఆమె మెదడులో తాను చూసినదాన్ని వివరించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. వైద్య విద్యార్థులకు దీన్ని మైక్రోస్కోపు కింద కనిపించిన మార్పుల కథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ముందు కనిపించేది ఆ భర్త. దంపతుల్లో ఒకరు ఇక నా వల్ల కాదంటూ వచ్చి తలుపు తట్టడంతోనే ఈ జబ్బు వైద్యశాస్త్రం గడప దాటి లోపలికి వచ్చింది. అప్పట్లో ఆ తలుపు లోపల ఉన్నవి గోరువెచ్చని నీళ్ల స్నానాలు, మత్తుమందులు, ప్రత్యేక గది. ఇప్పుడు మన దగ్గర చిన్న బిళ్లలు ఉన్నాయి. వాటిని ఎప్పుడు మొదలుపెట్టాలన్నదాని మీద చర్చ బాగానే జరుగుతోంది. ఎప్పుడు ఆపాలన్నదాని మీద జరగడం లేదు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం ఆధారంగా 2023లో అంచనా వచ్చింది. వారిలో దాదాపు అందరూ ఇళ్లలోనే ఉన్నారు. ఉప్పల్ రింగురోడ్డు నుంచి హబ్సిగూడ, నాచారం, హెచ్‌ఎంటీ నగర్, మల్లాపూర్ దాకా ఉన్న కాలనీలను తలచుకోండి. చుట్టూ ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, నాచారం పారిశ్రామికవాడ. ఉద్యోగాల కోసం వచ్చి, స్థలం కొని, ఇల్లు కట్టుకుని, రిటైరై ఇక్కడే ఉండిపోయినవారి కాలనీలివి. పిల్లలు వేరే ఊళ్లకో దేశాలకో వెళ్లాక ఇంట్లో మిగిలేది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరికి డిమెన్షియా వస్తే రెండోవారే నర్సు, వంటమనిషి, కాపలాదారు. డాక్టరు చీటీని అమలు చేసేదీ వారే. కూతురో కొడుకో చూసుకునేటప్పుడు లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంటుంది. నలభై యాభై ఏళ్లు తన మంచీచెడ్డా అడిగి చూసుకున్న మనిషికి, ఇప్పుడు తానే బిళ్ల తుంచి నోట్లో పెట్టాలి. అడిగి పెట్టడానికి ఎదుటివారికి అర్థం కాదు, అడగకుండా పెట్టడానికి మనసొప్పదు.

నా వాదన చిన్నది. ప్రతి మందుల చీటీ మీదా ఒక తేదీ ఉంటుంది, అది రాసిన తేదీ. డిమెన్షియా వచ్చిన మనిషి అలజడిని అణచడానికి రాసే చీటీ మీద రెండో తేదీ కూడా ఉండాలి. ఈ మందును తగ్గించి చూసే తేదీ అది. రెండో తేదీ లేనిదే ఆ చీటీ పూర్తయినట్టు కాదు. బీపీ మాత్ర, షుగరు మాత్ర బతికున్నన్నాళ్లూ వాడాలని మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు కొద్దీ ఈ బిళ్లను కూడా అదే డబ్బాలో వేస్తాం. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి మళ్లీ ఒక స్ట్రిప్ తెచ్చుకుంటాం. మూడో ఏడు కూడా ఆ బిళ్ల నడుస్తూనే ఉంటుంది, ఎందుకు మొదలైందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

అలజడి అంటే ఏమిటో ముందు దగ్గరగా చూద్దాం. సాయంత్రం ఆరు. వంటింట్లో కుక్కరు కూత వేస్తోంది. హాల్లో సీరియల్ మొదలైంది. కింద సంపులో నీళ్లు పట్టే మోటారు హోరుమంటోంది. బయట చీకటి పడి, ట్యూబులైటు వెలుగులో కిటికీ అద్దం మీద ఒక ముసలాయన ముఖం కనబడుతోంది. అది తన ముఖమేనని ఆయనకు తెలియదు. ఎవరో ఇంట్లోకి తొంగి చూస్తున్నారు. లేచి తలుపు దగ్గరికి వెళ్తాడు. గొళ్లెం పెట్టి ఉంది. ‘ఇంటికి పోదాం పా’ అంటాడు. ‘ఇదే కదండీ మన ఇల్లు’ అంటుంది ఆమె. నాలుగోసారి అడిగాక ఆమె గొంతు పెరుగుతుంది. గొంతు పెరిగిందని ఆయన చేయి లేస్తుంది. చుట్టాలు దీన్ని మొండితనమంటారు, కావాలని చేస్తున్నాడంటారు. డాక్టరు పుస్తకంలో దీని పేరు అజిటేషన్. పొద్దుగూకేవేళ ఎక్కువయ్యే ఈ తిప్పలకు వేరే పేరు కూడా ఉంది. పేరు ఏదైనా, ఆ అరగంటలో జరిగినదాన్ని వరసగా రాసుకుంటే మందు లేకుండా మార్చగలిగినవి కనీసం మూడు కనిపిస్తాయి: కిటికీకి పరదా, టీవీ శబ్దం, నాలుగోసారి చెప్పిన జవాబు. ‘ఇదే మన ఇల్లు’ అనే మాట నిజమే కానీ, ఆయన అడుగుతున్నది ఆ ఇంటి గురించి కాదు. ‘సరే, టీ తాగి పోదాం’ అన్నప్పుడు కుదుటపడే మనుషులు చాలామంది ఉన్నారు.

హైదరాబాదుకు సంబంధించిన మరో సంగతి చెప్పాలి. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష మాట్లాడేవారికన్నా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, దక్కనీ, హిందీ కలిసి నడిచే నగరం గనుక ఆ అధ్యయనం ఇక్కడ సాధ్యమైంది. అయితే జబ్బు ముదిరాక చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. చిన్ననాడు మరాఠీయో తమిళమో మాట్లాడిన మనిషి మళ్లీ ఆ మాటల్లోకే వెళ్లిపోతే, దగ్గరున్న అటెండెంటుకు ఆయన దాహమని అంటున్నాడో బాత్‌రూమని అంటున్నాడో తెలియదు. మూడుసార్లు అడిగినా నీళ్లు రాకపోతే ఎవరైనా అరుస్తారు. ఆ అరుపుకు బిళ్ల రాయడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు బిళ్లల సాక్ష్యం చూద్దాం. అలజడికి మన దగ్గర ఎక్కువగా వాడేవి రిస్పెరిడోన్, క్వెటియాపిన్, ఒలాంజపిన్, పాతవాటిలో హాలోపెరిడాల్. ఇవి మనోవైకల్యాలకు పుట్టిన మందులు. 2005 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 17 పరీక్షల ఫలితాలను కలిపి చూసింది. పది వారాల పరీక్షలో డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ తరహా మందు వాడినవారిలో 4.5 శాతం, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారిలో 2.6 శాతం చనిపోయారని తేలింది. దానితో మందు పెట్టెల మీద నల్లగీతల హెచ్చరిక వచ్చింది. 2008లో ఆ హెచ్చరికను పాత తరం మందులకూ విస్తరించారు. 2006లో అచ్చయిన పరీక్షలో 421 మంది అల్జీమర్స్ రోగులకు ఒలాంజపిన్, క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి పోల్చారు. మందుల వల్ల కొందరికి కలిగిన మేలును దుష్ఫలితాలు మింగేశాయి. 2009లో బ్రిటన్ నుంచి వచ్చిన లెక్క నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. అప్పటికే ఈ మందులు వాడుతున్న 165 మందిలో సగం మందికి మందు కొనసాగించి, సగం మందిని ఉత్తుత్తి బిళ్లకు మార్చారు. రెండేళ్లు గడిచేసరికి మందు కొనసాగినవారిలో 46 శాతం, మార్చినవారిలో 71 శాతం బతికున్నారు. 2024లో ఇంగ్లండులో 1,73,910 మంది డిమెన్షియా రోగుల రికార్డులను పరిశీలిస్తే, మందు వాడుతున్నవారిలో నిమోనియా ముప్పు రెండింతలు ఉంది, అది మొదలుపెట్టిన తొలి వారాల్లోనే ఎక్కువ. పక్షవాతం, ఎముక విరగడం, కిడ్నీ దెబ్బతినడం కూడా పెరిగాయి.

ఈ అంకెలతో ఎవరినీ భయపెట్టాలని నా ఉద్దేశం కాదు. ఈ మందులు ఎప్పుడూ వాడకూడదని నేను అనను. ఎవరో చంపడానికి వస్తున్నారని నమ్మి కత్తిపీట పట్టుకున్న మనిషికి, భార్యను దొంగనుకుని గొంతు పట్టుకున్న మనిషికి, లేని మనుషులు కనబడి రాత్రంతా వణికిపోతున్న మనిషికి రిస్పెరిడోన్ పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము నిజంగా ఊరటనిస్తుంది. ఆ ఊరట ముందుగా దక్కేది ఆ మనిషికే. భయం అనుభవిస్తున్నది ఆయనే కదా. కానీ తిరుగుడు, ఒకే ప్రశ్న పదేపదే అడగడం, స్నానానికి ఒప్పుకోకపోవడం, బట్టలు విప్పేసుకోవడం వంటివాటికి ఈ మందులు పెద్దగా పనిచేయవు. మనిషిని మత్తుగా మంచంలో ఉంచడాన్ని పనిచేయడమంటే తప్ప. ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. డిమెన్షియాలో లూయీ బాడీ అనే రకం ఉంది. మొదట్లోనే మనుషులు, పిల్లలు, జంతువులు కళ్లకు కట్టినట్టు కనబడడం, నడక పార్కిన్సన్స్‌లా బిగుసుకుపోవడం, ఒక రోజు బాగుండి మరో రోజు పూర్తిగా అయోమయం కావడం దాని గుర్తులు. ఆ రకం ఉన్నవారిలో సుమారు సగం మందికి ఈ మందులు తీవ్రంగా వికటిస్తాయని 1992 నుంచీ తెలుసు. హాలోపెరిడాల్ ఒక్క ఇంజెక్షనుతో మనిషి కొయ్యబారిపోవచ్చు. అర్ధరాత్రి అలజడికి క్యాజువాలిటీకి తీసుకెళ్తే ముందు ఆ రెండు మూడు గుర్తులు డాక్టరుకు చెప్పడం భార్యాభర్తల చేతిలో ఉన్న పని.

ఇతర మందులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. 2014లో 186 మంది మీద జరిగిన పరీక్షలో సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందుతో 40 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్లతో 26 శాతం మందికి నయమనిపించింది. అయితే పరీక్షలో వాడిన డోసుకు గుండె లయ దెబ్బతినే ముప్పు కనబడింది. బ్రెక్స్‌పిప్రజోల్‌ను 2023 మేలో అమెరికాలో ప్రత్యేకంగా అల్జీమర్స్ అలజడికి అనుమతించారు. దాని పెట్టె మీద కూడా అదే నల్లగీతల హెచ్చరిక ఉంది. కొత్త మందు వచ్చినా రెండో తేదీ అవసరం అలాగే ఉంటుంది.

బిళ్లకన్నా ముందు వెతకాల్సింది నొప్పిని. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లోని 352 మంది మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్లలో ఒక గుంపుకు ఎనిమిది వారాలపాటు నొప్పికి క్రమపద్ధతిలో చికిత్స చేశారు. ఎక్కువమందికి ఇచ్చింది మనకు తెలిసిన పారాసిటమాల్. అలజడి 17 శాతం తగ్గింది. మోకాలు సలుపుతోందని చెప్పలేని మనిషి, లేవదీయబోయిన చేతిని కొడతాడు. నాలుగు రోజులుగా విరేచనం కాని మనిషి గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. మూత్రంలో ఇన్ఫెక్షను ఉన్నా, పంటిలో చీము ఉన్నా, కంటిలో శుక్లం ముదిరినా, వినికిడి యంత్రంలో బ్యాటరీ అయిపోయినా బయటికి వచ్చే భాష ఒకటే. ఇక వేసుకునే మందులే అలజడి పుట్టించడం ఇంకో పెద్ద సంగతి. జలుబుకు కొనే క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న బిళ్లలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, హాలోపెరిడాల్ బిగువు తగ్గడానికి జతగా రాసే ట్రైహెక్సిఫెనిడిల్ వంటివి జ్ఞాపకశక్తికి అవసరమైన అసిటైల్‌కోలిన్‌నే అడ్డుకుంటాయి. ఒక బిళ్ల తెచ్చిన అయోమయానికి ఇంకో బిళ్ల, దాని బిగువుకు మూడో బిళ్ల. డబ్బా నిండుతుంది, మనిషి ఖాళీ అవుతాడు.

తెలంగాణలో దీనికి తోడు ఒక స్థానిక కారణం ఉంది. పెద్దగా ఎవరూ పైకి అనరు గానీ, కల్తీ కల్లు సంగతి అది. కల్లులో అల్ప్రాజోలమ్ కలపడం ఇక్కడి పాత బెడద. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డ రోజుల్లోనే వణుకులు, ఫిట్సు, భ్రాంతులతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు పోటెత్తారు. ఏళ్ల తరబడి సాయంత్రం సీసా అలవాటున్న పెద్దాయనకు మతిమరుపు వచ్చిందని ఇంట్లోంచి కదలనివ్వకపోతే, మూడో నాటికి ఆయన చూపించే ఉగ్రరూపం డిమెన్షియాది కాకపోవచ్చు. అది అల్ప్రాజోలమ్ అందని మెదడు చేసే గోల కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా దాచితే రాసే మందు తప్పిపోతుంది. పరువు కోసం దాచుకునే సమయం కాదది. అలాగే నిద్రకని తెచ్చుకునే అల్ప్రాజోలమ్ గురించి కూడా ఒక మాట. మందుల నియమాల్లో అది హెచ్1 జాబితాలోది, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ముసలివాళ్లను అది పడేస్తుంది, అయోమయాన్ని పెంచుతుంది, అలవాటయ్యాక హఠాత్తుగా ఆపితే ఫిట్సు తెప్పిస్తుంది.

ఇంతసేపూ వింటున్న మీలో కొందరి మనసులో ఒక మాట మెదులుతూ ఉంటుంది. అంకెలన్నీ సరే, రాత్రి రెండింటికి లేచి తలుపు బాదే మనిషి పక్కన మీరు పడుకున్నారా అని. ఆ ప్రశ్నకు నేను తలవంచుతాను. ఈ వాదన మొత్తంలో బరువైన అభ్యంతరం అదే. రెండు గదుల ఇంట్లో డెబ్భై దాటిన మనిషి, తనకే మోకాళ్ల నొప్పులు, తనకే షుగరు, వరసగా పది రాత్రుల నిద్ర లేదు. బిళ్ల కొద్ది రూపాయలు. రాత్రి అటెండెంటును పెట్టుకుంటే నెలకు వేలు. ఆమె నిద్ర కోసం ఆయనకు బిళ్ల వేయడం తప్పా? ఒకరి నిద్ర కోసం ఇంకొకరి ఒంట్లోకి మందు పంపడం నీతిశాస్త్రానికి నచ్చదు. కానీ ఆమె పడిపోతే ఆయనను చూసేవారు లేరు. ఆ ఇంట్లో ఇద్దరి ఆరోగ్యం ఒకే తీగ మీద వేలాడుతోంది. కాబట్టి నేను ఒప్పుకుంటాను: ఆ బిళ్ల కూడా న్యాయమైనదే. అయితే చీటీ మీద కారణం దాచకుండా రాయాలి. ‘భార్యకు నిద్ర లేదు’ అని రాసి ఉంటే, రెండో తేదీ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న తేలిపోతుంది. ఆమెకు ఇప్పుడు నిద్ర దొరికే వేరే దారి ఏదైనా కుదిరిందా? అది రాయనప్పుడు ఆయన జబ్బే కారణమైపోతుంది. జబ్బు పోయేది కాదు గనుక బిళ్ల కూడా పోదు.

వేరే దారులు ఉత్త మాటలు కావని చూపించిన పని రెండు చోట్ల జరిగింది. న్యూయార్క్‌లో మేరీ మిట్టెల్మన్ బృందం అల్జీమర్స్ ఉన్నవారి భార్యలు, భర్తలు 406 మందిని తీసుకుని సగం మందికి ఆరు కౌన్సెలింగ్ సమావేశాలు, ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోనులో సలహా ఏర్పాటు చేసింది. ఆ ఆరింటిలో నాలుగు మిగతా కుటుంబాన్ని కూర్చోబెట్టి చేసినవి. 2006లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆ ఇళ్లలో రోగిని నర్సింగ్ హోముకు పంపడం 557 రోజులు వెనక్కి జరిగింది. రోగికి అదనంగా ఏ మందూ ఇవ్వలేదు. మనదేశంలో గోవాలో అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ తదితరులు 81 కుటుంబాలతో చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. స్థానికులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. వాళ్లు జబ్బు గురించి విడమరచి చెప్పారు, అలజడి వేళ ఏం చేయాలో చూపించారు, అవసరమైనవారిని సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఆరు నెలల్లో చూసుకునేవారి మానసిక స్థితి మెరుగుపడింది. ఉప్పల్, నాచారాల్లో ఆశా కార్యకర్తలు ఉన్నారు, బస్తీ దవాఖానాలు ఉన్నాయి, స్వయం సహాయక సంఘాలు ఉన్నాయి. గోవాలో చేయగలిగింది ఇక్కడ చేయలేమనడానికి నాకు కారణం కనిపించదు.

రెండో అభ్యంతరం డాక్టర్ల నుంచి వస్తుంది, అది బలమైనదే. మందు ఆపితే అలజడి తిరిగి వస్తుంది కదా అంటారు. 2012లో దేవానంద్ బృందం ప్రకటించిన పరీక్ష వారికి ఆధారం. రిస్పెరిడోన్‌తో కుదుటపడ్డవారిలో నాలుగు నెలల తర్వాత మందు ఆపేస్తే 60 శాతం మందికి, కొనసాగిస్తే 33 శాతం మందికి అలజడి మళ్లీ వచ్చింది. నేను ఈ లెక్కను తోసిపుచ్చను. కానీ దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. మందు ఆపినవారిలో ప్రతి పదిమందిలో నలుగురికి అలజడి తిరిగి రాలేదు. ఆ నలుగురూ బిళ్ల అవసరం లేకుండానే నిమోనియా ముప్పు మోస్తూ ఉండేవారు. వారెవరో ముందుగా చెప్పే పరీక్ష లేదు. తగ్గించి చూడడమే ఆ పరీక్ష. 2016లో అమెరికా సైకియాట్రీ సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి: నాలుగు వారాల్లో గుణం కనబడకపోతే తగ్గించి ఆపండి, కనబడితే నాలుగు నెలల లోపు తగ్గించి చూడండి, ఆ తర్వాత నాలుగు నెలలు కనిపెట్టుకుని ఉండండి. బ్రిటన్ మార్గదర్శకాలు కనీసం ఆరు వారాలకోసారి చూడమంటాయి. అలజడి తిరిగి వచ్చినవారికి మళ్లీ తక్కువ డోసులో మొదలుపెట్టవచ్చు, ఇంకో తేదీ రాసుకోవచ్చు. రెండో తేదీ అంటే మందు ఆపేసి తీరాలన్న తీర్పు అని ఎవరూ అనుకోవద్దు.

మూడోది సమయం గురించి. కిక్కిరిసిన ఓపీలో ఒక మనిషికి నాలుగు నిమిషాలు దొరికితే గొప్ప, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయని. బ్రిటన్‌లో 2009లో సుబే బెనర్జీ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ 1,80,000 మంది డిమెన్షియా రోగులు ఈ మందులు వాడుతుంటే మేలు పొందుతున్నది సుమారు 36,000 మంది, అదనపు మరణాలు ఏడాదికి 1,800. దాని తర్వాత డాక్టర్లు పాత చీటీలను తిరిగి చూడడం మొదలుపెట్టారు. అక్కడి జాతీయ ఆడిట్ ప్రకారం 2006లో దాదాపు 17 శాతం డిమెన్షియా రోగులకు రాస్తున్న ఈ మందులు 2011 నాటికి 7 శాతం లోపుకు దిగాయి. అక్కడి కుటుంబ వైద్యుడికి కూడా ఒక్కో రోగికి దొరికే సమయం పది నిమిషాలే. రెండో తేదీ రాయడానికి డాక్టరుకు పట్టేది ఒక పంక్తి. మిగతా పని ఇంట్లో జరగాలి, దానికి కావలసిన సామాను మన ఇళ్లలో ఇప్పటికే గోడకు వేలాడుతోంది.

తెలుగు క్యాలెండరు సంగతి చెబుతున్నాను. తిథి, వర్జ్యం, రాహుకాలం కింద ప్రతి రోజుకూ ఒక గడి ఉంటుంది. ఆ గడిలో పాల లెక్క రాస్తాం, గ్యాసు బుక్ చేసిన రోజు రాస్తాం, పనిమనిషి రాని రోజు సున్నా చుడతాం. ఏళ్లుగా చేతికి అలవాటైన రాతపని అది. అదే గడిలో మూడు గుర్తులు చాలు: రాత్రి నిద్ర పట్టిందా, విరేచనం అయిందా, గొడవ ఏ వేళలో జరిగింది. చదువు రాని చేయి కూడా గీతలు గీయగలదు. మందు మొదలైన నాడు ఎర్ర పెన్నుతో ఒక చుట్టు, తగ్గించి చూడాల్సిన నాడు ఇంకో చుట్టు. రెండు చుట్ల మధ్య ఉన్న గడులను డాక్టరు అర నిమిషంలో చూడగలడు. గొడవలన్నీ విరేచనం లేని మూడో రోజునే వస్తున్నాయని ఆ గడులే చెబితే, తుంచాల్సిన బిళ్ల వేరే అవుతుంది. బిళ్ల చేస్తున్న చెడు కూడా అక్కడే రాసుకోవాలి: పెరుగన్నం చెంచా పట్టుకున్న చేయి కొత్తగా వణుకుతోందా, దిండు మీద చొల్లు మరక పడుతోందా, బాత్‌రూమ్ గడప దగ్గర కాలు ఈడుస్తున్నారా, కూర్చున్నచోట ఒక పక్కకు ఒరుగుతున్నారా.

పెరుగన్నం మాట వచ్చింది గనుక, అందులో బిళ్ల కలిపి పెట్టడం గురించి కూడా రెండు మాటలు. ఎంతోమంది చేసేదే, ఎవరూ ఒప్పుకోనిదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దిశాజ్ఞానం, జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినే జబ్బులను తన నిర్వచనంలో చేర్చింది. తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును ఇచ్చింది. జబ్బు మొదట్లో, మాట ఇంకా నిలకడగా ఉన్నప్పుడే భార్యాభర్తలు ఈ సంగతి మాట్లాడుకుంటే, తర్వాత ఆ ముద్ద కలిపే చేతికి కొంత ధైర్యం ఉంటుంది. అప్పటికీ దాచి పెట్టే మందు డాక్టరుకు తెలిసి ఉండాలి. కొన్ని బిళ్లలను పొడి చేయకూడదు, నెమ్మదిగా కరిగేలా తయారైన రకాలు పొడి చేస్తే డోసంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

నాచారం వారికి ఉపయోగపడే సంగతి ఒకటి చాలామందికి తెలియదు. ఈఎస్ఐలో కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, తన భార్యకూ వైద్యం కొనసాగుతుంది. నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416 తెలుగులో పలుకుతుంది. పగలు వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

ఇక ఆ రెండో తేదీని ఎక్కడ పెట్టాలి? మందు ఆపడం ఎప్పుడూ హఠాత్తుగా జరగకూడదు. డాక్టరుతో మాట్లాడి, మోతాదులో పావో సగమో తగ్గించి, ఒకటి రెండు వారాలు ఆగి, గడులు చూసి, మళ్లీ తగ్గించాలి. ఆ వారాలు ఇంటికి నెమ్మదైన వారాలు కావాలి. ఆషాఢం బోనాల వారం వద్దు. గణేశ్ నవరాత్రుల పదకొండు రోజులు అసలే వద్దు, మండపం మైకు రాత్రి పదకొండు దాకా మోగుతుంది, నిమజ్జనం నాడు వీధిలో డప్పు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రులు బాణాసంచా మోత రామంతాపూర్ దాకా వినిపిస్తుంది, ఏప్రిల్, మే కూడా వదిలేయండి, పైగా ఆ ఎండలకు ఒంట్లో నీరు తగ్గి అయోమయం దానంతటదే పెరుగుతుంది. కొడుకు కుటుంబం సెలవుకు వచ్చే వారం కూడా మంచిది కాదు, ఇంట్లో కొత్త ముఖాలు ఎక్కువ. కానీ వాళ్లు వెళ్లే ముందు ఒకరు నాలుగు రోజులు ఆగగలిగితే, రాత్రి కాపలాకు రెండో మనిషి దొరికినట్టే. దీపావళి టపాసుల మోత ఆగాకో సంక్రాంతి వెళ్లాకో, మిగతావారికి చెప్పి, కిటికీకి పరదా వేసి, మొదటి సగం బిళ్ల తగ్గించే రోజు గడి చుట్టూ ఎర్ర పెన్నుతో చుట్టండి.